"లక్షా పాతిక వేల మందిలో ఒకరు" అని డీఎన్ఏ రిపోర్టు చెబితే, అది ముద్దాయే అని అర్థమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో కేసు ఇది. ఉద్దానం వైపు ఒక ఊళ్లో కొబ్బరి వ్యాపారి ఇంట్లో రాత్రివేళ దొంగతనం జరిగింది. అడ్డుపడిన వ్యాపారికి దెబ్బలు తగిలాయి. పెరట్లో ఒక తువ్వాలు దొరికింది. దాని మీది మరక చెడిపోవడం వల్ల మనుషుల్ని పోల్చడానికి చూసే డీఎన్ఏ స్థానాల్లో ప్రయోగశాలకు మూడింటి వివరాలే తేలాయి. ఆ మూడూ మీ కక్షిదారుడి నమూనాతో సరిపోయాయి. ఇలాంటి ప్రొఫైల్, అంటే ఆ మూడు స్థానాల వివరాల కలయిక, లక్షా పాతిక వేల మందిలో ఒకరికి ఉంటుందని రిపోర్టు. పైగా అతని చొక్కా మీద గోనె పీచు దొరికింది, అది వ్యాపారి గోదాములోని సంచుల పీచుతో పోలుతుంది. పబ్లిక్ ప్రాసిక్యూటరు లేచి "99.999 శాతం ఇతనే" అన్నారు. ఇంటర్ తర్వాత లెక్కల జోలికి వెళ్లని మీకు ఏమి అడగాలో తోచలేదు.

నేను ఫోరెన్సిక్ ప్రయోగశాలలో జీవశాస్త్ర విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. నిపుణుడిగా చాలాసార్లు బోనెక్కాను. మీకు లెక్కలు పెద్దగా అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు చాలు. అయితే ఒక్క విషయం మాత్రం మనసులో గట్టిగా నాటుకోవాలి. ఈ కేసంతా దాని మీదే నిలబడి ఉంది.

పలాస సంగతి తీసుకుందాం. జీడిపిక్కలు కొట్టే పని చేసేవారి వేళ్లు జీడిరసానికి నల్లబడి ఉంటాయి. అంటే, జీడి పని చేసే మనిషికి నల్లటి వేళ్లు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇప్పుడు మాట తిప్పి చూడండి. వేళ్లు నల్లబడిన మనిషి కనిపిస్తే జీడి పని చేస్తారని చెప్పవచ్చా? పలాస కాశీబుగ్గ బజారులో కనిపిస్తే దాదాపు చెప్పవచ్చు. అదే మనిషి విశాఖ బస్టాండులో కనిపిస్తే మెకానిక్ కావచ్చు, రంగుల పని చేసేవారు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వేళ్లు అవే, నలుపూ అదే. మారినది మనం నిలబడిన చోటు, అంటే అక్కడ జీడి పనివారు ఎంతమంది, మిగతావారు ఎంతమంది అన్న లెక్క.

మీ రిపోర్టు చెప్పింది మొదటి రకం మాట: "మరక ముద్దాయిది కాకపోతే, సంబంధం లేని మరో వ్యక్తిది అయితే, ఇలా యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం లక్షా పాతిక వేలలో ఒకటి." ప్రాసిక్యూటరు చెప్పింది రెండో రకం మాట: "ఇలా సరిపోయింది కనుక, ఇతను కాకపోయే అవకాశం లక్షా పాతిక వేలలో ఒకటి." వినడానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఒకటి నిజం, రెండోది ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. ఈ తారుమారుకు 1987లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ప్రాసిక్యూటరు హేత్వాభాసం (ప్రాసిక్యూటరు తప్పుడు తర్కం) అని పేరు పెట్టారు. పేరు అలా ఉన్నా ఇది ప్రాసిక్యూటర్లు మాత్రమే చేసే తప్పు కాదు. న్యాయమూర్తులు, విలేకరులు, నిపుణులు అందరూ చేస్తారు. నేనూ చేశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు లెక్క. 2011 జనగణన ప్రకారం అప్పటి శ్రీకాకుళం జిల్లా జనాభా సుమారు 27 లక్షలు. అందులో మగవారు 13 లక్షల పైచిలుకు. లక్షా పాతిక వేలకు ఒకరు చొప్పున ఆ ప్రొఫైల్ ఉన్న మగవారు జిల్లాలో దాదాపు పదకొండు మంది ఉంటారని అంచనా. తువ్వాలు తప్ప మీ కక్షిదారుడి మీద మరే సాక్ష్యమూ లేదనుకోండి, జిల్లాలో ఏ మగవాడైనా ఆ పని చేసి ఉండవచ్చనుకోండి. అప్పుడు అతనూ ఆ పదకొండు మందీ కలిసి పన్నెండు మంది అవుతారు. మరక అతనిదయ్యే అవకాశం పన్నెండింట ఒకటి, అంటే సుమారు ఎనిమిది శాతం. 99.999 ఎక్కడ, ఎనిమిది ఎక్కడ!

ఇక్కడ ఆగిపోయి "పదకొండు మంది ఇంకా ఉన్నారు కనుక ఈ సాక్ష్యం పనికిరాదు" అని మీరు వాదిస్తే మీరూ తప్పు చేసినట్టే. పదమూడు లక్షల మందిని పన్నెండు మందికి కుదించిన సాక్ష్యం చిన్నది కాదు. దానికి తోడు ఇంకేదైనా సాక్ష్యం ఉంటే లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. ఉదాహరణకు ఆ రాత్రి ఆ వీధిలోకి వచ్చి ఉండగలిగినవారు ఐదువందల మందేనని వేరే సాక్ష్యం నమ్మకంగా తేల్చిందనుకోండి. అప్పుడు ముద్దాయి కాక మిగిలిన 499 మందిలో యాదృచ్ఛికంగా సరిపోయేవారు ఉండడమే అరుదు. లెక్క వేస్తే మరక అతనిదని 250కి 1 చొప్పున మొగ్గు వస్తుంది. రిపోర్టు అదే, అంకె అదే. ఎనిమిది శాతం నుంచి 99 శాతం దాటింది. కాబట్టి రిపోర్టులోని అంకెను ఒంటరిగా పట్టుకుని శాతాలు చెప్పేవారు ఎవరైనా సరే, ఏ పక్షంవారైనా సరే, నమ్మవద్దు. నిపుణుడి పని తక్కెడలో ఒక తూకపు రాయి వేయడం వరకే. ఆ రాయి పడకముందు ముల్లు ఎక్కడుందో చూడవలసింది కోర్టు.

ముల్లు ముందు ఎక్కడుందో తేల్చడానికి ఎవరెవరిని లెక్కలోకి తీసుకోవాలన్నది ఊరిని తెలిసినవారికే తెలుస్తుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు నేరం జరిగితే పట్టణ జనాభాను లెక్కలోకి తీసుకోవడంలో అర్థం లేదు. ఆ మంగళవారం లక్షల మంది బయటినుంచి వస్తారు. ఇచ్ఛాపురం దగ్గర జరిగితే ఒడిశా వైపు ఊళ్లు కూడా లెక్కలోకి రావాలి. వలస వెళ్లినవారు, పండక్కి తిరిగివచ్చినవారు, కొబ్బరి లారీలతో వచ్చే డ్రైవర్లు, వీళ్లందరినీ విడిచిపెట్టి "ఊళ్లో వాళ్లే" అనుకోవడం దర్యాప్తు అధికారి సౌకర్యం మాత్రమే.

ఇంకో ముఖ్యమైన మాట. మీ రిపోర్టులో "సంబంధం లేని వ్యక్తుల్లో" అన్న పదం ఉందో లేదో చూడండి. లేకపోయినా అంకె మాత్రం ఆ ఊహ మీదే కట్టింది. ఎలా కట్టారో చెబుతాను. ఒక్కో స్థానంలో మనకు రెండు రూపాలు వస్తాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ రెండు రూపాలూ జనాభాలో చెరో పది శాతం ఉన్నాయనుకుందాం. ఆ జంట ఒక మనిషిలో కలిసి ఉండే అవకాశం యాభైలో ఒకటి. మూడు స్థానాలకు యాభైని మూడుసార్లు గుణిస్తే లక్షా పాతిక వేలు. మీ రిపోర్టులోని అంకె సరిగ్గా ఇలా వచ్చిందనే అనుకుంటున్నాను.

ఇప్పుడు ఇదే లెక్క అతని సొంత అన్నదమ్ములకు వేయండి. ఒకే తల్లిదండ్రుల పిల్లలు కాబట్టి ఒక స్థానంలో ఇద్దరికీ అదే జంట వచ్చే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. మన ఉదాహరణలో అది దాదాపు 30 శాతం అవుతుంది. మూడు స్థానాలకు గుణిస్తే సుమారు 35 మందిలో ఒకరు. లక్షా పాతిక వేలు కాదు, ముప్పై ఐదు! పదిహేను, ఇరవై స్థానాలు తేలిన పూర్తి ప్రొఫైల్ అయితే అన్నదమ్ములైనా విడిపోతారు, ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు తప్ప. కానీ మీ కేసులో తేలినవి మూడే. అతనికి అన్నదమ్ములు ఎందరు, వారు ఎక్కడ ఉంటున్నారు, వారిలో ఎవరినైనా పరీక్షించారా అన్నది ఈ కేసులో మొదటి ప్రశ్న. మీరు రాసిన దానిలో ఆ వివరం లేదు.

అన్నదమ్ముల దగ్గరే ఆగకూడదు. మన ప్రాంతంలో మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి. మేనమామకు మేనకోడలిని ఇవ్వడం, మేనత్త కొడుక్కి మేనమామ కూతుర్ని చేయడం మీకు నేను చెప్పనక్కర్లేదు. మేనమామ, మేనకోడలు దంపతులైతే వారి బిడ్డకు ఒక స్థానంలో తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి ప్రతి చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లలు దంపతులైతే పదహారింట ఒకటి. ఇలాంటి పెళ్లిళ్లు నాలుగైదు తరాలు ఒకే కులంలో, పది పదిహేను ఊళ్ల మధ్యే జరిగితే ఆ ఊళ్లలో కొన్ని రూపాలు గుంపుగా కనిపిస్తాయి. రాష్ట్రం మొత్తం మీద పది శాతం ఉన్న రూపం ఆ సామాజిక వర్గంలో పాతిక శాతం ఉండవచ్చు. అప్పుడు యాభై అనుకున్నది ఎనిమిది అవుతుంది. ఈ ఇబ్బందికి శాస్త్రంలో సవరణ ఉంది, ఉపజనాభా సవరణ అంటారు, కొత్తదేమీ కాదు. కాబట్టి అడగండి: "ఒక్కో రూపం ఎంతమందిలో ఉందో చూడడానికి ఏ జనాభా పట్టికలు వాడారు? ఆ పట్టికల్లో ఉత్తరాంధ్ర తీరప్రాంతపు వారి నమూనాలు ఉన్నాయా? ఉపజనాభా సవరణ చేశారా?" నిపుణుడు నిజాయితీపరుడైతే ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. నన్ను ఇరవై ఆరేళ్లలో ఈ ప్రశ్న అడిగిన న్యాయవాది ఒక్కరూ లేరు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పొరపాట్ల సంగతి. అంకె ఎంత పెద్దదైనా, నమూనాలు కలిసిపోయే అవకాశం దానికి పైకప్పు లాంటిది. ముద్దాయి నుంచి తీసిన రక్తం గానీ, అతని బట్టల మీది చెమట గానీ సీలు వేసేముందు తువ్వాలుకు అంటుకోవడమో, చీటీలు మారడమో వెయ్యిలో ఒకసారి జరుగుతుందనుకోండి. ఇది ఊహకు చెబుతున్నాను. అప్పుడు రిపోర్టు బలం లక్షా పాతిక వేలు కాదు, వెయ్యి దాటదు. ఇందాక ఐదువందల మంది లెక్కలో 250కి 1గా ఉన్న మొగ్గు 2కి 1కి పడిపోతుంది. అది అరవై ఆరు శాతం. శిక్ష వేయడానికి సరిపోని అంకె. వెయ్యిలో ఒకటి అతిశయోక్తి అనుకోకండి. డీఎన్ఏ కాకపోయినా, వేలిముద్రల్లో ఏం జరిగిందో చూడండి. అమెరికాలో ఎఫ్‌బీఐ అనుభవజ్ఞులైన వేలిముద్ర నిపుణుల మీద చేయించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వేర్వేరు మనుషుల ముద్రలను ఒకరివేనని తేల్చిన తప్పులు 0.1 శాతం ఉన్నాయి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో అదే సంస్థ నిపుణులు ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక న్యాయవాదిని వేలిముద్ర ఆధారంగా పట్టుకున్నారు. ఆ ముద్ర మరొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక ఆయనకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

అందుకే తువ్వాలు ఎప్పుడు, ఎవరు, ఏ కవరులో పెట్టారు, మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) సీలు వర్ణన ఉందా, ముద్దాయి రక్తం తీసిన రోజుకీ తువ్వాలు ప్రయోగశాలకు చేరిన రోజుకీ మధ్య రెండూ ఒకే గదిలో ఉన్నాయా అన్నది లెక్కలంత ముఖ్యం. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ఛావ్లా యువతి అత్యాచారం, హత్య కేసులో డీఎన్ఏ రిపోర్టును నమ్మకపోవడానికి ఒక కారణం ఇదే. నమూనాలు పోలీసు మాల్‌ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో, రోజుల తరబడి ఉండిపోయాయి, పైగా ఆ ఫలితానికి ఆధారం ఏమిటో కింది కోర్టులు పరిశీలించలేదని కోర్టు గుర్తించింది.

గోనె పీచు గురించి రెండు మాటలు చాలు. ఆ పీచు గోదాములోని సంచిదే అయితే ఇలా పోలడం ఖాయం. కాకపోతే? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోనెకు పనికొచ్చే గోగు పండుతుంది, నెల్లిమర్లలో జనపనార మిల్లు ఉంది, ధాన్యం, కొబ్బరి, జీడిపిక్కలు అన్నీ గోనె సంచుల్లోనే కదులుతాయి. కూలి పని చేసే మనిషి చొక్కా మీద గోనె పీచు లేకపోతే ఆశ్చర్యపడాలి. నేరం చేసినా ఆ పీచు ఉంటుంది, చేయకపోయినా ఉంటుంది. రెండు వైపులా సమానంగా వచ్చే ఆనవాలు తక్కెడను కదిలించదు. ముల్లు ఉన్నచోటే ఉంటుంది. దర్యాప్తులో దీన్ని "శాస్త్రీయ సాక్ష్యం" అని రాసినందుకు నాకు కోపం వస్తుంది. పరీక్ష శాస్త్రీయమే, ప్రశ్న కాదు.

ఇవన్నీ దాటి, మరక నూటికి నూరుపాళ్లు మీ కక్షిదారుడిదే అనుకుందాం. అప్పటికీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. అతను ఆ వ్యాపారి తోటలో కొబ్బరికాయలు దింపే పని చేసేవాడని మీరే రాశారు. చెట్టెక్కి దిగి చెమట తుడుచుకుని తువ్వాలు పెరట్లో మరిచిపోయిన మనిషికీ, రాత్రి గోడ దూకిన మనిషికీ డీఎన్ఏ తేడా చెప్పదు. మరక ఎవరిదో చెప్పగలదు, అది ఎలా పడిందో, ఎప్పుడు పడిందో చెప్పలేదు. ఈ తేడాను మన దేశంలోనే 1898లో గుర్తించారు. జల్పాయిగురి దగ్గర తేయాకు తోట మేనేజరు హత్య కేసులో పంచాంగం మీద నెత్తుటి వేలిముద్ర దొరికింది. అది పాత నౌకరుదని కలకత్తా వేలిముద్రల విభాగం తేల్చింది. కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసి హత్యారోపణ కొట్టేసింది. ముద్ర అతను అక్కడ ఉన్నాడని చెప్పింది, చంపాడని చెప్పలేదు. వేలిముద్రల సాక్ష్యం కోర్టుకెక్కిన తొలి రోజుల్లోనే అంత జాగ్రత్తగా చదివారు. నిపుణుణ్ణి ఒకటే అడగండి: "తువ్వాలు మీద ఈ మరక నేరం జరిగిన రాత్రి పడిందా, వారం ముందు పడిందా అని మీ పరీక్ష చెప్పగలదా?" చెప్పలేదు. "లేదు" అన్న ఆ ఒక్క మాట రికార్డులోకి ఎక్కాలి.

నా సంగతి చెబుతానన్నాను. తొంభైల్లో, డీఎన్ఏ పరీక్ష మాకు అందుబాటులో లేని రోజుల్లో, ముద్దాయి పంచె మీది రక్తం బి గ్రూపు అని తేల్చాను. మృతుడిదీ బి గ్రూపే. బోనులో "అంటే ఈ రక్తం మృతుడిదేనా?" అని అడిగారు. "అవును, సరిపోయింది" అన్నాను. మన దేశంలో దాదాపు ముగ్గురిలో ఒకరిది బి గ్రూపు. అంతకంటే ఘోరం, ముద్దాయి గ్రూపేమిటో ఎవరూ పరీక్షకు పంపలేదు, నేనూ అడగలేదు. శిక్ష పడింది. కొన్నేళ్లకు అతని గ్రూపు కూడా బి అని తెలిసింది. మిగతా సాక్ష్యం ఎంత బలమైనదో నాకు తెలియదు. నేను చెప్పిన ఆ మాట మాత్రం తప్పు. "సరిపోయింది, ముగ్గురిలో ఒకరికి ఇలాగే సరిపోతుంది" అని చెప్పవలసింది.

గుణకారం గురించి ఒక హెచ్చరిక. రెండు విషయాలు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే సంభావ్యతలను గుణించాలి. ఇంగ్లండ్‌లో 1999లో శాలీ క్లార్క్ అనే తల్లికి ఇద్దరు పసిబిడ్డలను చంపిందని శిక్ష వేశారు. అలాంటి కుటుంబంలో ఊయలలో పసిబిడ్డ హఠాన్మరణం 8,543లో ఒకటని, రెండు మరణాలు కాబట్టి దాన్ని దానితోనే గుణించి 7 కోట్ల 30 లక్షల్లో ఒకటని వైద్య నిపుణుడు కోర్టులో చెప్పారు. ఒకే ఇంట్లో, ఒకే రక్తంలో రెండు మరణాలు విడివిడి సంఘటనలు ఎలా అవుతాయి? ఆ అంకెను "ఆమె నిర్దోషి అయ్యే అవకాశం"గా జనం విన్నారు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా తప్పుపట్టింది. బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు వెలుగులోకి వచ్చాక 2003లో ఆమె విడుదలైంది. నాలుగేళ్లకే చనిపోయింది. మీ ప్రాసిక్యూటరు డీఎన్ఏ అంకెను, పీచు అంకెను గుణించబోతే ఈ కేసు గుర్తు చేయండి.

ఇక పద్ధతి. ప్రభుత్వ నిపుణుడి రిపోర్టును భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద నిపుణుణ్ణి పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షన్‌లాగే. కానీ కోర్టు తలచుకుంటే పిలిపించవచ్చు. పిలిపించమని దరఖాస్తు పెట్టండి, రిపోర్టు మీదే వాదన ముగించకండి. ప్రయోగశాల నుంచి గ్రాఫులు, పని పత్రాలు, వాడిన జనాభా పట్టికలు తెప్పించమని అడగండి. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ ప్రకారం నిపుణుడు ఇచ్చేది అభిప్రాయమే. 2019లో పట్టు రాజన్ కేసులో సుప్రీంకోర్టు కూడా డీఎన్ఏ సాక్ష్యం బరువు కేసును బట్టి మారుతుందని చెప్పింది. నిపుణుడు బోనులో ఉన్నప్పుడు దబాయించవద్దు. మర్యాదగా, చిన్న ప్రశ్నలుగా, "అండీ" అంటూ అడగండి. అంకెను తప్పుపట్టడం మీ ఉద్దేశం కాదు, అది ఏ ప్రశ్నకు జవాబో చెప్పించడం మీ పని.

అన్నదమ్ములను పరీక్షించమని మీరే అడగాలా వద్దా అన్నది జాగ్రత్తగా ఆలోచించండి. పరీక్షిస్తే వారు కాదని తేలి సాక్ష్యం మీ కక్షిదారుడి మీదే బిగుసుకోవచ్చు. పరీక్షించలేదన్నది ప్రాసిక్యూషన్ లోపంగా చూపించి వదిలేయడం వేరు. అది మీరూ మీ సీనియర్ గారూ తేల్చుకోవలసిన విషయం. రిపోర్టు నకలు మీ దగ్గర ఉంటే పేర్లు, కేసు నంబరు కొట్టేసి, మూడు స్థానాల్లో ఏ రూపాలు వచ్చాయో, అతనికి అన్నదమ్ములు ఎందరో, తల్లిదండ్రులది మేనరికమో కాదో రాయండి. వాయిదాకు నాలుగు రోజుల ముందైనా పంపితే లెక్క వేసి పెడతాను.